ఎఱ్ఱచందనము - దాని పుట్టినిల్లు

(మా కేంద్రమునుండి ప్రసారమైన ప్రసంగపాఠము)

ఈ మధ్య మా కేంద్రమునకు వచ్చిన ఉత్తరములలో రెండు ఒకే చెట్టును గూర్చినవి. మొదటిది కృష్ణా డెల్టానుండి ఒక రైతు వ్రాసినది. వారి యూరికి మొక్కలమ్ము వ్యాపారి యొకడు వచ్చి, వరి మాని ఎఱ్ఱచందనము నాటినచో పదునైదేండ్లలో కోటీశ్వరులు కాగలరని చెప్పి, బయానా క్రింద కొంత పైకము ముందుగా ఇమ్మన్నాడట. "నాలుగెకరముల మాగాణిని నమ్ముకొని యున్నవాడను. ఆ చెట్టు ఎట్టిదో, ఎక్కడిదో, మా నేలలో బాగుపడునో లేదో నిజము చెప్పగలరా?" అని ఆయన అడిగినారు. రెండవ ఉత్తరము రాజమహేంద్రవరమునుండి ఒక గృహిణి వ్రాసినది. పెండ్లినాడు పుట్టింటివారు సారెలో పెట్టిన చెక్కబొమ్మల జత ఇప్పటికిని ఆమె బొమ్మల కొలువులో పై మెట్టుమీద నుండునట. "వీనిని చందనపు బొమ్మలందురు గదా, వాసన ఏల రాదు? పసిపిల్లలకు దెబ్బ తగిలి వాచినప్పుడు మా అమ్మమ్మ ఈ బొమ్మ పాదమునే సానమీద అరగదీసి పట్టు వేసెడిది" అని ఆమె వ్రాసినారు.

ఈ రెండు ప్రశ్నలకును సరియైన సమాధానము చెప్పవలెనన్న ఆ చెట్టు పుట్టిన కొండలకు పోవలసినదే. అందుచేత మేము అటవీశాఖవారి అనుమతి తీసికొని, ధ్వనిముద్రణ సామగ్రితో, చైత్రమాసమున శేషాచలపు కొండలలో రెండు దినములు తిరిగి వచ్చితిమి. అక్కడ చూచినవియు, గ్రంథములవలన తెలిసికొన్నవియు కలిపి శ్రోతలకు విన్నవించుచున్నాము.

మొదట సోదరి అడిగిన వాసన సంగతి. ఎఱ్ఱచందనమునకును శ్రీగంధమునకును పేరులో తప్ప చుట్టరికము లేదు. శ్రీగంధపు చెట్టు ప్రక్కనున్న చెట్ల వేళ్లకు తన వేళ్లు తగిలించి కొంత ఆహారమును వానినుండి లాగుకొని బ్రతుకును. దాని చేవలో పరిమళతైలము కలదు. ఎఱ్ఱచందనమో, కందియు చిక్కుడును చేరిన కుటుంబములోనిది. మన అడవులలో దానికి అతి సమీపబంధువు వేగిస. వేగిస చెక్కతో చేసిన గ్లాసులో రాత్రి నీరు పోసి ఉదయమున త్రాగువారిని మీలో చాలమంది ఎరుగుదురు. ఎఱ్ఱచందనపు చేవలో రంగు కలదు గాని పరిమళము లేదు. సానమీద అరగదీసినప్పుడు వచ్చు గంధమును పోలిన ముద్దను బట్టియు, దాని రంగును బట్టియు మన పూర్వులు దీనికి రక్తచందనమని పేరు పెట్టినారు. 1781లో చిన్న లిన్నేయసు అను స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి టెరోకార్పస్ శాంటలైనస్ అని శాస్త్రీయనామ ముంచెను. మొదటి మాటకు రెక్కగల కాయ అనియు, రెండవ మాటకు చందనమును పోలినదనియు అర్థము. కాబట్టి వాసన లేకుండుట మీ బొమ్మలలోని లోపము కాదు. అసలైన ఎఱ్ఱచందనమునకు పరిమళ ముండదు.

ఇక చెట్టు రూపము. ధర ఎంతయో విని పోయినవారు దీనిని చూచి కొంత నిరాశపడుదురు. ఇది మహావృక్షము కాదు. సాధారణముగా 8 నుండి 11 మీటర్ల యెత్తు, మీటరు మొదలు మీటరున్నర వరకు బోదె చుట్టుకొలత - ఇంతే. బెరడు నల్లని గోధుమరంగు. నిలువునను అడ్డముగను పగిలి, మొసలి వీపువలె చదరపు పలకలుగా నుండును. కత్తితో గీచినచో ఎఱ్ఱని జిగురు కారును. ఒక్కొక్క కాడకు సాధారణముగా మూడేసి గుండ్రని ఆకులుండును. మాఘ ఫాల్గుణములలో ఆకు రాలి చెట్టు మోడుగా నిలుచును. తరువాత పసుపుపచ్చని చిన్న పూలు గుత్తులుగా వచ్చును. మేము పోయిన దినములలో కొన్ని చెట్లు పూచి యున్నవి. తేనెటీగల రొద మా యంత్రములో స్పష్టముగ ముద్రితమైనది. ఈ ప్రసంగమునకు ముందు మీరు విన్న ధ్వని అదియే. 

ఈ చెట్టు తనంతట తాను మొలచి పెరుగు చోటు ప్రపంచము మొత్తముమీద ఒక్కటే. అది తూర్పు కనుమల దక్షిణభాగము. శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలికొండలు, నల్లమల దక్షిణపు కొస, వీని చెంతనున్న చిన్న గుట్టలు - అనగా పూర్వపు కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలును, కర్నూలు ప్రకాశము జిల్లాల అంచులును, తమిళనాటి సరిహద్దున కొద్దిపాటి భాగమును. ఈ హద్దులు దాటినచో నాటిన చెట్లే తప్ప అడవిచెట్లు లేవు. తిరుమలకు మెట్లదారిన నడచిపోవు యాత్రికులు ఈ పుట్టినింటి నడుమనే పోవుచుందురు గాని తలయెత్తి చూచువారు తక్కువ.

ఇచ్చటనే ఏల పుట్టినది? ఈ కొండల శిల చాల ప్రాచీనమైనది. కోట్లాది సంవత్సరములకు పూర్వము సముద్రగర్భమున పేరుకొన్న ఇసుక గట్టిపడి, స్ఫటికమువంటి కఠినమైన రాయిగా మారినది. తిరుమల కనుమదారిలో ఒకచోట క్రింద నల్లరాతిశిలయు, దానిపై ఈ ఇసుకరాయియు కలియు గీత కంటికి కనబడును. ఆ రెంటి పుట్టుకకును నడుమ ఇంచుమించు 80 కోట్ల సంవత్సరముల ఎడమున్నదని భూగర్భశాస్త్రజ్ఞుల లెక్క. దానిని జాతీయ భూగర్భ స్మారకముగ ప్రకటించి కాపాడుచున్నారు. ఈ రాయి అరుగుట బహు నిదానము. అరిగినను మిగులునది పలుచని గులకమట్టి. వాన పడిన నీరు నిలువక జారిపోవును. నైరుతి ఋతుపవనము ఇచ్చటికి వచ్చుసరికి అలసియుండును. ఈశాన్యపు వానలు, తుపాను వానలు కొంత కొరత తీర్చును. వేసవిలో బండలు కాలి పొగలు గ్రక్కును.

ఇతర వృక్షములకు కష్టమైన ఈ స్థితియే ఎఱ్ఱచందనమునకు సరిపడినది. దానికి కావలసినవి మూడు: నిండైన ఎండ, నీరు నిలువని నేల, పొడి గాలి. నీడలో అది బ్రతుకదు. వేళ్లవద్ద నీరు నిలిచినచో వేరు కుళ్లును. సముద్రమట్టమునకు సుమారు 150 మీటర్లనుండి 900 మీటర్ల వరకు, ఈ గులకనేలలలో అది వ్యాపించి యున్నది. లోయలలో మన్ను లోతై, తేమ హెచ్చగు చోట్ల ఇతర వృక్షములు దానిని మించి పెరిగి నీడ కమ్మును. కొండవాలుననే దానికి పోటీ తక్కువ.

అయినను అది ఒంటరి కాదు. చిరుమాను, నారేపి, బిల్లు, మొగి, తంబజాలారి మొదలగు చెట్లు దాని పొరుగువారు. వానిలో తంబజాలారివంటివి కొన్ని ఈ కొండలకే పరిమితమైనవి. బండల నడుమ ఈతచెట్టును పోలిన పొట్టి మొక్క యొకటి కనబడును. దానిని పేరీత యందురు. మదరాసు రాజధానిలో అటవీశాఖాధికారిగా నుండి దక్షిణదేశపు వృక్షములను గూర్చి గొప్ప గ్రంథములు వ్రాసిన కర్నల్ బెడ్డోము పేరుమీద 1883లో దానికి సైకస్ బెడ్డోమై అని నామకరణము జరిగినది. అదియు ఈ కొండలలో తప్ప అన్యత్ర లేదు. రాళ్ల పగుళ్లలో బంగారు బల్లి నివసించును. లంకమల పాదమున ముండ్లపొదలలో కలివికోడి యను పక్షి కలదు. 1848లో జెర్డను దొర దీనిని లోకమునకు తెలిపెను. 1900 తరువాత ఎవరికిని కనబడకపోవుటచే అంతరించినదని యెంచిరి. 1986లో కడప జిల్లాలో మరల కనబడి పక్షిశాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచినది. దాని కొరకు 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యమును ఏర్పరచిరి. ఒక ఎఱ్ఱచందనపు దుంగకొరకు దొంగదారి వేసి, పొదలు నరికి, నిప్పు రాజేసినచో నష్టపడునది ఆ చెట్టు ఒక్కటియే కాదని చెప్పుటకు ఈ పొరుగువారి పేర్లు ఇంతగా చెప్పుచున్నాము.

చెట్టు జీవితము కూడ ఈ నేలవలెనే నిదానమైనది. పూత పూచిన పిమ్మట కాయ ముదురుటకు ఇంచుమించు పదునొకండు నెలలు పట్టును. కాయ గుండ్రముగ, అప్పడమువలె పలుచగ నుండి, చుట్టును రెక్కవంటి అంచు కలిగి యుండును. నడుమ ఒకటి, అరుదుగ రెండు గింజలు. వేసవి గాలికి ఆ కాయ రెక్కమీద తేలుచు కొండవాలున దిగి ఎక్కడనో పడును. పై తొడుగు గట్టిది. మొలకెత్తునవి తక్కువ. మొలచిన మొలక వాననాళ్లలో నాలుగాకులు వేయును. ఎండకాలమున పై భాగము ఎండిపోవును, లేదా బోదగడ్డికి అంటుకొన్న నిప్పులో మాడిపోవును. క్రింద వేరు మాత్రము చావక, మరుసటి వానకు మరల చిగిర్చును. ఇట్లు ఏండ్లతరబడి పైన చచ్చుచు క్రింద బలపడుచు, వేరు తగినంత లావైన పిమ్మటనే కాండము నిలద్రొక్కుకొనును. నరికిన మోడునుండి కూడ పిలకలు వచ్చును. అందుచేతనే శతాబ్దములుగ నరుకుచున్నను ఈ జాతి ఇంకను మిగిలి యున్నది.

మాకు దారి చూపుటకు వచ్చిన అటవీ కాపలాదారుని ఒక చెట్టు చూపి, "ఇది యెంతకాలమునుండి ఎరుగుదువు?" అని అడిగితిమి. ఆయన ఆ బోదెమీద చేయి వేసి, "నేను పనిలో చేరినప్పుడు నా చెయ్యంత లావుండె సామీ. ఇరవై రెండేండ్లాయ. ఇంకా నా తొడంత గూడా కాలేదు సూడండి" అనెను. కొంచెము దూరమున మోడు ఒకటి కనబడెను. నేలకు జానెడు ఎత్తున కోసినారు. ఆ మోడు కైవారము చూచి, అది మొలచిన నాటికి మన తాతలు పుట్టియుందురా యని మాలో మేము అనుకొంటిమి. కాపలాదారు దానినుండి మొలచిన రెండు పిలకలను చూపి, మేకలు మేయకుండ ముండ్లకంప అడ్డముంచి వచ్చెను.

ఈ నిదానములోనే చెట్టు విలువ ఇమిడి యున్నది. చెట్టు పడుచుగ నున్నపుడు లోపల నుండునది తెల్లని కఱ్ఱ. దానికి ధర లేదు. ఏండ్లు గడచినకొలది నడుమ భాగము మృతమై, రంగు పదార్థములు చేరి, చేవ తేలును. చేవ ఊదా కలసిన ఎరుపు. గాలి తగిలి పాతబడినచో నలుపు తిరుగును. అది నీటికన్న బరువైనది. చేవ ముక్కను నీటిలో వేసినచో మునుగును. చెదలు దానిని ముట్టవు. ఆ ప్రాంతపు పాత యిండ్లలో ఎఱ్ఱచందనపు స్తంభములును, ద్వారబంధములును తరములు మారినను చెక్కుచెదరక యున్నవి. రంగునకు కారణమైన పదార్థములకు శాంటలిన్లని పేరు. ఇవి చన్నీటిలో కరుగవు. స్పిరిటులో వేయగనే నెత్తురువలె దిగును. బజారులో రక్తచందనమని అమ్ము పొడి నీటిలో వేయగనే చిక్కని ఎరుపు దిగినచో అందులో వేరు రంగు కలిసియుండవచ్చునని మన గృహిణులు అనుమానింపవచ్చును.

కొన్ని చెట్లలో మాత్రము చేవయొక్క పొరలు తిన్నగ నుండక అలలు అలలుగ నుండును. పైనుండి చూచి ఏ చెట్టులో అల కలదో చెప్పుట కష్టము. ఈ అలల కఱ్ఱకే విదేశములలో గిరాకి మెండు. జపానులో షామిసెన్ అను మూడు తంతుల వాద్యమున్నది. దాని దండమునకు ఎఱ్ఱచందనము శ్రేష్ఠమని అచ్చటి శిల్పుల అభిప్రాయము. సంగీతశ్రోతలైన మీకు ఇది వింతగ నుండవచ్చును: టోక్యోలో నాట్యశాలలో మ్రోగు వాద్యముయొక్క మెడ కడపకొండలలో పెరిగినది కావచ్చును. చీనాదేశమున ఛింగ్ చక్రవర్తుల కాలమునుండి రాజగృహములలో బల్లలు, కుర్చీలు, మందసములు ఈ జాతి కఱ్ఱతో చేయించుట గొప్పగ నెంచిరి. నేటికిని ధనికుల మోజు అదియే. అణుకేంద్రములలో వాడుదురనియు, మరి యేదో రహస్యమున్నదనియు మన యూళ్లలో చెప్పుకొను కథలకు ఆధారము లేదు. అక్కడ దానికి ధర వచ్చునది ముఖ్యముగ బల్లలకును వాద్యములకును.

పూర్వము వ్యాపారము వేరు విధముగ నుండెడిది. మధ్యయుగములలో యూరపు వంటశాలలలో పులుసులకు ఎరుపు రంగు వచ్చుటకు ఈ చెక్కపొడి వాడిరి. తరువాత బట్టల అద్దకమునకు కోరమండలు తీరమునుండి ఓడలలో ఎగుమతి యయ్యెను. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ యను యువకుడు తారునుండి కృత్రిమ రంగును తీయుటతో రంగుచెక్కలన్నిటికిని గిరాకి పడిపోయినది. 1882 మదరాసు అటవీ చట్టముతో ఈ కొండలలో చాలభాగము రక్షితారణ్యములైనవి. నరకుట నియమబద్ధ మయ్యెను. మన ప్రాంతమున శ్రీకాళహస్తి సమీపమునగల మాధవమాల శిల్పులు దేవతామూర్తులు చెక్కుచు ఈ విద్యను నిలిపినారు. తిరుపతి యాత్రకు పోయినవారు ఆడ మగ బొమ్మల జతను కొని తెచ్చుట, తమిళదేశమున మరపాచి యను పేరుతో పెండ్లికూతురికి ఇచ్చుట ఆచారములు. రాజమహేంద్రవరపు సోదరి ఇంటనున్న జతయు అట్లు వచ్చినదే కావచ్చును.

విదేశపు ధర మిక్కిలి పెరిగిన పిమ్మట కథ మారినది. దుంగలను దొంగతనముగ నరికి, రాత్రివేళ మోసి, లారీలలోను కార్లలోను రేవులకు తరలించు ముఠాలు బయలుదేరినవి. నరకువారు చాలమంది పొరుగు రాష్ట్రపు కొండపల్లెల కూలీలు. వారికి దొరకునది కొద్దిపాటి కూలి. లాభమంతయు దూరమున కూర్చున్నవారిది. 2013 డిసెంబరులో శేషాచలపు అడవులలో కర్తవ్య నిర్వహణలో నున్న ఇద్దరు అటవీ ఉద్యోగులను నరకువారు చంపిరి. 2015 ఏప్రిల్ 7వ తేదీన అదే కొండలలో జరిగిన కాల్పులలో తమిళనాటినుండి వచ్చిన 20 మంది మరణించిరి. ఆ కాల్పులను గూర్చి తీవ్రమైన వివాదము చెలరేగినది. ఇరువైపుల చనిపోయినవారును జీతమునకో కూలికో అడవికి వచ్చినవారే. వారి యిండ్ల సంగతి తలచినప్పుడు ఆ మందసముల నునుపు మనకు మరొక విధముగ కనబడును.

రక్షణకై చేసిన యత్నములను క్లుప్తముగ చెప్పెదము. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానము ఏర్పడెను. దాని విస్తీర్ణము సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 1995లో ఈ చెట్టు అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒడంబడిక రెండవ పట్టికలో చేరినది. అనగా అనుమతి పత్రము లేక ఏ దేశమును దీనిని ఎగుమతి చేయరాదు. 2010లో శేషాచలమును జీవావరణ రక్షితప్రాంతముగ ప్రకటించిరి. అది సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. అంతర్జాతీయ ప్రకృతి రక్షణ సంఘమువారి ఎఱ్ఱపట్టికలో 1998లో ఇది అంతరించు ప్రమాదమున్న జాతిగ నమోదైనది. 2018లో ఆ తీవ్రతను తగ్గించిరి గాని, కొలది యేండ్లకే మరల పూర్వపు తరగతిలోనే చేర్చిరి. పెద్ద చెట్లు పోయి, గింజనిచ్చు తల్లులు కొరవడుటయే ఇందుకు ముఖ్యకారణము. మోడునుండి వచ్చు పిలకలు అడవిని పచ్చగ నుంచగలవు గాని, చేవ పట్టుటకు వానికి మరల మన మనుమల కాలము వరకు సమయము కావలెను.

ఇక డెల్టా రైతు సోదరుని ప్రశ్న. అయ్యా, మీరు నాటుట తప్పు కాదు. సొంత భూములలో రైతులు ఎఱ్ఱచందనము పెంచుటను ప్రభుత్వమే ప్రోత్సహించుచున్నది. అట్లు పెంచిన కఱ్ఱ వ్యాపారమునకు అంతర్జాతీయముగ నున్న చిక్కులు కూడ 2023లో కొంత సడలినవి. నాటిన చెట్లు పెరిగి బజారుకు వచ్చినకొలది అడవిమీది ఒత్తిడి తగ్గునని ఆశింపవచ్చును. కాని మీరు ఆలోచింపవలసినవి కొన్ని కలవు.

మొదటిది నేల. కృష్ణా డెల్టాలోని నల్లని బంకమట్టి, వరికై నెలలతరబడి నీరు నిలుచు మడి - ఇవి ఈ చెట్టు స్వభావమునకు నేరుగ విరుద్ధము. ఎఱ్ఱగరప నేలయో, గులకమెట్టయో, నీరు జారు వాలో యున్నవారికి అది తగును. రెండవది కాలము. నీరు, ఎరువు పెట్టి మెత్తని నేలలో త్వరగా పెంచినచో బోదె లావగును గాని, లావైనదంతయు చేవ కాదు. పదునైదేండ్ల చెట్టును కోసి చూచినచో నడుమ సన్నని ఎఱ్ఱని గీతయు, చుట్టును తెల్లకఱ్ఱయు నుండవచ్చును. వ్యాపారి ఎకరమునకు ఇన్ని చెట్లు, చెట్టుకు ఇంత ధర యని గుణించి చూపిన లెక్కలో చేవను గూర్చిన మాట యున్నదేమో చూడుడు. అలల కఱ్ఱ ఎన్ని చెట్లలో వచ్చునో ముందుగ చెప్పగలవా రెవరును లేరు. మూడవది చట్టము. నాటినప్పుడే అధికారులవద్ద నమోదు చేయించుకొని, కోయుటకును తరలించుటకును అటవీశాఖ అనుమతి పొందవలెను. ఆ కాగితములు లేని దుంగ మీ పొలములోనిదైనను ఇబ్బంది తెచ్చును. నాలుగవది కాపలా. చేవ పట్టిన చెట్టు పెరటిలో నున్నచో దొంగకన్ను దానిమీద పడకుండ కాచుకొనుట రైతు భారమే.

కాబట్టి తిండి పెట్టు మాగాణిని తీసివేయవలదు. మెట్టభూమి యేదైన ఉన్నచో, గట్టుమీద పది మొక్కలు పెట్టి, వాని ఫలమును మనుమలకు వదలుట మేలు. మొక్కలకు బయానా ఇచ్చుటకు ముందు దగ్గరనున్న అటవీశాఖ నర్సరీకి పోయి అడుగుడు. అచ్చట వ్యాపారి చెప్పిన ధర కొనవలసిన పని యుండకపోవచ్చును.

పొలములలో ఎన్ని లక్షల మొక్కలు నాటినను అవి ఆ కొండలకు బదులు కాజాలవు. ఒకే నర్సరీ గింజలనుండి వచ్చిన మొక్కలు దాదాపు ఒక్క కుటుంబమువంటివి. అడవిలోని చెట్లు ఒక్కొక్క వాలున, ఒక్కొక్క రాతిమీద, వేరువేరు కరవులకు తట్టుకొని నిలిచిన వంశములు. రేపు ఏదైన తెగులు వచ్చినను, వానలు తగ్గినను, దానిని తట్టుకొను గింజ ఎక్కడనైన ఉన్నచో ఆ కొండలలోనే ఉండవలెను. పొలమున నాటువానికి కూడ ఆ గింజ కావలెను. తేనెటీగలు, పేరీత, బంగారు బల్లి, కలివికోడి - ఇవి పొలముగట్టుకు రావు.

రెండవనాటి సాయంకాలము కొండ దిగునప్పుడు కాపలాదారు ఒక ఎండిన కాయను మా చేతిలో పెట్టెను. అప్పటికే గింజ లేని ఉత్త రెక్క అది. అడవిలోని గింజను బయటికి తీసికొనిపోరాదని ఆయన నియమము. అందుకే గింజ రాలినదానిని వెదకి ఇచ్చెను. అది ఇప్పుడు మా కార్యాలయపు బల్లపై అద్దముక్రింద నున్నది. ఈ యుత్తరములకు సమాధానము వ్రాయునపుడు దానిని చూచుచునే వ్రాసితిమి.

రాజమహేంద్రవరపు సోదరి ఒకటి చేయవలెనని కోరుచున్నాము. ఈ సంవత్సరము కొలువు తీర్చినప్పుడు ఆ బొమ్మల జతను చూపి, ఇది ఏ కొండలలో పుట్టినదో, ఎన్ని యేండ్లు పెరిగినదో, ఆ పాదము ఎవరికొరకు అరిగినదో పేరంటమునకు వచ్చిన పిల్లలకు చెప్పుడు. ఆ బొమ్మలను జాగ్రత్తగ దాచుకొన్నచో మీ మనుమరాలి సారెకు క్రొత్త చెట్టు నరకవలసిన పని యుండదు.